పటంలో లేని మడచెట్టు

మొగలిపాడు ప్రభువు జగ్గభూపతికి కట్టడాల పిచ్చి. ఏది కట్టినా దానిమీద తన పేరుండాల్సిందే. ఆఖరికి గుర్రాల గడ్డితొట్టి మీద కూడా ఉంది.

ఆ ఏడు తుఫానుకి ఏరు సముద్రంలో కలిసేచోట ఓ పడవ తిరగబడింది. కాపాడాల్సిన పడవేమో ఒడ్డున బురదలో కూరుకుపోయి కదల్లేదు. నలుగురు పోయారు. ప్రభువు నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకుని, "ఆపదవేళ పడవ చిటికెలో నీళ్ళలోకి జారేలా ఓ వాలు కట్టండి" అన్నాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. "అందంగా ఉండాలి సుమా!" అని కూడా అన్నాడు.

ఇంకేం, ఆస్థాన స్థపతి భీమలింగాచారిగారు బారెడు పటం గీసి తెచ్చారు. ఒడ్డునున్న మడచెట్లన్నీ కొట్టెయ్యాలట. తాబేళ్ళు గుడ్లుపెట్టే ఇసుకదిబ్బ చదును చెయ్యాలట. అక్కడ రాతివాలు, ముప్పైరెండు స్తంభాలు, ప్రభువు విగ్రహం. పడవ దింపే ప్రతిసారీ ముందు హారతి, తర్వాత మేళం!

పోలమ్మ అనే జాలరి మనిషి సభలోకి దూసుకొచ్చింది. పోయిన నలుగురిలో ఆమె పెద్దకొడుకు ఒకడు.

"బాబయ్యా, ఆ మడ అడ్డుండబట్టే మా గుడిసెలు నిలబడ్డాయి. పీతా రొయ్యా పుట్టేదీ అక్కడే. పాత బల్లకట్టు రేవుకాడ గట్టినేలుంది, తాటిదుంగలు పరిస్తే సాలు. మా సిన్నోడు రోజూ ఏటకెల్తన్నాడు. ఈ స్తంబాలు లేసేదాకా ఆడు మునక్కుండా ఉంటాడా?"

ఆచారిగారు ముక్కు చిట్లించారు. "దుంగలట, దుంగలు! మడచెట్టు దోమలకి తప్ప ఎవడికమ్మా పనికొచ్చేది?"

ప్రభువు చూపు పటంలోని తన విగ్రహం మీంచి కదిలితేగా! పక్కనే తాంబూలం పళ్ళెం పట్టుకుని నిలబడ్డ పైడన్నకి ఒళ్ళు మండింది. వాడు కొలువులో పనివాడేగానీ, నోటికి తాళం లేనివాడు.

"ప్రభూ, కట్టేముందు ఉత్తుత్తిగా ఓసారి ఆడి చూద్దాం. పటంలో ఉన్నవన్నీ ఉన్నట్టే, లేనివి లేనట్టే. మునిగేవాడి వేషం ఆచారిగారిదే. అంత గొప్ప వేషం ఇంకొకరికి నప్పుతుందా?"

ఆచారిగారు పొంగిపోయి మీసం దువ్వుకున్నారు. పైడన్న బయటికొస్తూ పోలమ్మ చెవిలో ఏదో ఊదాడు.

మర్నాడు ఊరంతా ఒడ్డున చేరింది. పైడన్న ఏరికోరి తెచ్చిన దోనెలో ఆచారిగారు జరీ ఉత్తరీయంతో బయల్దేరారు. ఏటి మధ్యకి వెళ్ళేసరికి కాళ్ళకింద చల్లగా తగిలింది.

"ఒరేయ్ పైడన్నా! దోనెకి చిల్లుందిరా!"

"భలే నటిస్తున్నారండీ!"

"నటన కాదురా, ఈత రాదురా నాకు! పడవ పంపించు!"

"ఇదిగో, హారతి అవుతోంది. ఇంకా మేళం ఉంది కదండీ. మీరు రాసిందే!"

సన్నాయి అందుకుంది. దోనె మునిగింది. కెరటం ఒడ్డువైపు విసిరికొడితే ఆచారిగారు నీళ్ళలో నిలిచిన ఓ మడచెట్టు వేళ్ళమధ్య పడి, ఉడుంలా దాన్ని కరుచుకున్నారు. పైడన్న పటం విప్పి, వేలుపెట్టి వెతికి, తలడ్డంగా ఊపాడు.

"ఆచారిగారూ, ఆ చెట్టు పటంలో లేదు. వదిలెయ్యండి!"

"పటం చింపెయ్యరా వెధవా! చెట్టు ఉందిరా! ఉంటుందిరా! ఒక్క కొమ్మ కూడా కొట్టనురా!"

జగ్గభూపతి పొట్టపట్టుకుని నవ్వాడు. ఒడ్డుమీద జనమంతా నవ్వారు. సన్నాయివాడికి నవ్వాగక ఊపిరి అందలేదు. ప్రభువు పటం లాక్కుని తనే రెండు ముక్కలు చేసి, "దుంగల రేవే కట్టండి, పెత్తనం పోలమ్మది!" అని, తన కెంపుటుంగరం పైడన్న వేలికి తొడగబోయాడు.

ఉంగరం వేలి కణుపు దాటేలోపే, పాత రేవులో రాత్రికి రాత్రే పరిచిన తాటిదుంగల మీంచి సర్రున జారిన పోలమ్మ పడవ ఆచారిగారి కాళ్ళకిందికి చేరిపోయింది.