బూరెల లెక్కకు వంతపాట

కొండగడప రాజు ఉద్దండరాయలకి శత్రువులంటే లెక్కలేదు. రాణులంటేనే హడల్. ఒకరా ఇద్దరా, ఏడుగురు! పోయిన పుట్టినరోజుకి బూరెలు పంచితే ఒక్కటి మిగిలింది. అది ఒకరికిస్తే ఆరుగురు అలిగారు. పాపం, మహారాజు పది రోజులు గుర్రపుశాలలో పడుకున్నాడు.

అందుకే ఈసారి సభలో ముందే చెప్పేశాడు.

"లక్షకి తగ్గకుండా వండిస్తాను. ఆరంకెల లెక్క కావాలి. ఏడుగురు రాణులకి పంచినా, పదకొండుమంది బావమరుదులకి పంచినా, పదమూడుమంది అల్లుళ్లకి పంచినా ఒక్క బూరె మిగలకూడదు!"

ఆస్థాన గణకుడు వాచస్పతి సిద్ధాంతి పిలక సవరించుకుంటూ లేచాడు.

"మహాగహనమైన లెక్క ప్రభూ. నెల రోజులు గడువు..."

"ఓస్, దీనికి నెలా!" అన్నాడు పేరయ్య. వాడు భాగవతుల పక్కన నిలబడి వంత పాడేవాడు. వాడికున్న ఆస్తల్లా బారెడు మీసం. ఆ మీసం చూసే పెళ్లాం మనువుకి ఒప్పుకుంది.

సిద్ధాంతికి ఒళ్లు మండింది. "ఒకడన్నది మళ్లీ అనడం తప్ప నీకేం వచ్చురా? మొదటి మూడంకెలు నేను చెబుతా, తక్కిన మూడూ నువ్వు చెప్పు. తప్పితే ఆ మీసం గొరిగిస్తా!"

"ఒప్పైతేనో?"

"నా పిలక తీయించుకుంటా, పో!"

పేరయ్య మీసం తడుముకున్నాడు. మీసం పోతే ఇంటికెళ్లే మొహం లేదు మరి. అయినా సరేనన్నాడు.

"ఐదు, ఎనిమిది, ఆరు!" అన్నాడు సిద్ధాంతి.

"ఐదూ, ఎనిమిదీ, ఆరూ!" అని రాగం తీశాడు పేరయ్య.

సభంతా గొల్లున నవ్వింది. కరణాలు లెక్క వేశారు. ఏడుతో పోయింది, పదకొండుతో పోయింది, పదమూడుతోనూ పోయింది. మిగిలింది లేదు.

"గుడ్డిదెబ్బ!" అని అరిచాడు సిద్ధాంతి. "మూడు, తొమ్మిది, ఏడు!"

"మూడూ, తొమ్మిదీ, ఏడూ!"

మళ్లీ అంతే. శేషం లేదు.

"ఏం మాయరా ఇది?" అన్నాడు రాజు.

"మాయేం లేదు ప్రభూ. మూడంకెల్ని రెండుసార్లు వరసగా పలికితే వెయ్యిన్నొకటితో హెచ్చవేసినట్టే. ఏడు పదకొండ్లు డెబ్బై ఏడు, డెబ్బై ఏడు పదమూళ్లు వెయ్యిన్నొకటి. మీ చుట్టాలంతా అందులోనే ఉన్నారు."

"ఇంకొక్కసారి!" అన్నాడు సిద్ధాంతి మొండిగా. నోరు విప్పితేనేగా వీడు వంత పాడేది అనుకుని పెదాలు బిగించి కూర్చున్నాడు.

పేరయ్య కూడా పెదాలు బిగించాడు.

"ఇద్దరూ మూగనోము పట్టారేమిట్రా?" అన్నాడు రాజు.

పేరయ్య మీసం దువ్వాడు.

"సిద్ధాంతిగారు బుర్రలో ఉన్నదంతా చెప్పేశారు ప్రభూ. సున్నా, సున్నా, సున్నా. నేనూ అదే అన్నాను. రాణులకి పంచి చూడండి, ఒక్కటి మిగిలితే నా మీసం మీది!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వుతూ మెళ్లో హారం తీసి పేరయ్య మీదికి విసిరాడు. మంగలిని పిలవమన్నాడు. సిద్ధాంతి రెండు చేతులతో పిలక పట్టుకుని గుర్రపుశాల వైపు పరిగెత్తాడు.