ముళ్ళమ్మ ఆరుమూలల బొంత

నీలికోన అడవి నిండా మద్దిచెట్లే. ఆ అడవిలో ఎలుగుబంట్లు, కొండముచ్చులు, కుందేళ్ళు, ముంగిసలు కలిసిమెలిసి ఉండేవి. కోన అంచున, ఒక పెద్ద బండ కింద గుహలో ముళ్ళమ్మ అనే ఏదుపంది ఉండేది.

ముళ్ళమ్మకు బొంతలు కుట్టడమంటే ప్రాణం.

అడవి బయట వారానికోసారి సంత జరిగేది. సంతలో ఒక దర్జీ కూర్చుని బట్టలు కుట్టేవాడు. సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక, అతను పారేసిన గుడ్డపీలికలను నీలన్న అనే కాకి ఏరి తెచ్చేవాడు. వాటితోపాటు చిత్తుకుప్పలో దొరికిన పాత పెళ్ళికార్డులను కూడా ముక్కున కరుచుకొచ్చేవాడు.

ముళ్ళమ్మ ఆ కార్డులను పళ్ళతో కొరికి, ఆరు మూలలున్న చిన్న బిళ్ళలుగా చేసేది. అన్నీ ఒకే కొలత. ఒక్కో బిళ్ళను ఒక్కో గుడ్డముక్క మీద పెట్టి, గుడ్డ అంచులను కాగితం మీదికి మడిచి, ఊడకుండా కచ్చాకుట్టు వేసేది. అలా తయారైన బిళ్ళలను పక్కపక్కన పెట్టి, అంచుకు అంచు కలిపి, సన్నగా, దగ్గరదగ్గరగా కుట్టేది. చుట్టూ ఆరు వైపులా కుట్టు పడ్డాక కచ్చాకుట్టు విప్పి, లోపలి కాగితం తీసేసేది. చూస్తే అచ్చం తేనెపట్టులా ఉండేది.

సూదికి ఆమె ముల్లే ఉండేది. దారానికి మద్దిచెట్ల మీద పట్టుపురుగులు అల్లిన పట్టుకాయలు ఉండేవి.

మధ్యాహ్నం పూట బండ నీడలో కూర్చుని కుట్టుకుంటూ ఉంటే ఆమెకు ఆకలి కూడా గుర్తొచ్చేది కాదు. పసుపు పక్కన వంకాయరంగు పెట్టి చూసేది. నచ్చకపోతే తీసి, చిలకాకుపచ్చ పెట్టి చూసేది. బాగా కుదిరిందంటే తనలో తనే నవ్వుకునేది. అడవిలో ఎవరికైనా మనసు బాగోలేకపోతే వచ్చి ఆమె పక్కన కూర్చునేవారు. ఆమె రంగులు ఎంచమని ఒక గుప్పెడు పీలికలు ఇచ్చేది. కాసేపటికి వాళ్ళ ముఖం తేటపడేది.

ఒకరోజు చిటికెయ్య అనే ముంగిస అటు వచ్చాడు. ఏ పనైనా చిటికెలో చేస్తానని అతనికి మహా గర్వం.

"అక్కా, ఎన్నాళ్ళ నుంచి కుడుతున్నావు ఈ బొంత?" అని అడిగాడు.

"రెండో వానాకాలం నడుస్తోంది తమ్ముడూ."

"అబ్బో! ఇంతకీ ఈ కాగితాలు ఎందుకు? చివరికి ఎలాగూ తీసేస్తావు కదా?"

"తీసేస్తాను. కానీ అంచులు ఒకదానితో ఒకటి సరిగ్గా కలిసేదాకా గుడ్డ సాగకుండా పట్టుకునేవి అవే" అంది ముళ్ళమ్మ.

చిటికెయ్య పకపకా నవ్వాడు. "నేనైతే మూడు రోజుల్లో దీనికి రెండింతల బొంత చేస్తాను. చూస్తూ ఉండు!"

అన్నట్టే చేశాడు. పెద్దపెద్ద గుడ్డలు సంపాదించాడు. అక్కడో కుట్టు, ఇక్కడో కుట్టు వేశాడు. మిగతాదంతా తుమ్మబంకతో అతికించాడు. మూడో రోజు ఆ బొంతను బండ మీద పరిచి అందరినీ పిలిచాడు. ఎర్రగా, ధగధగా మెరుస్తున్న ఆ బొంతను చూసి కొండముచ్చులు ఈలలు వేశాయి. ఎలుగుబంట్లు చప్పట్లు కొట్టాయి.

ముళ్ళమ్మ కూడా దగ్గరికి వచ్చి చూసింది. "రంగులు చాలా బాగున్నాయి తమ్ముడూ. కుట్లు ఇంకాస్త దగ్గరగా వేస్తే గట్టిగా ఉంటుంది" అంది.

"నా పేరు చూసి నీకు కుళ్ళు!" అని చిటికెయ్య మూతి తిప్పుకున్నాడు.

ముళ్ళమ్మ ఇంటికి వెళ్ళి తన బొంతకు బూరుగుదూది నింపి, వెనక గుడ్డ వేసి, ఆ వారంలోనే పూర్తి చేసింది.

తర్వాత నాలుగు రోజులు ఆగకుండా ముసురు పట్టింది. ఐదో రోజు పొద్దున కోనలో పెద్ద చప్పుడయింది. కొండచరియ ఒకటి విరిగి పడింది. అక్కడ మేస్తున్న చెంగమ్మ అనే కుందేలు మట్టితోపాటు జారి, సగం దారిలో ఒక రాతి అంచు మీద చిక్కుకుంది. పైకి ఎక్కే దారి లేదు. కిందికి దూకుదామంటే నాలుగు తాటిచెట్ల లోతు, కింద అంతా రాళ్ళు.

ఒక కొండముచ్చు ఆమె కోసం ఎక్కబోయింది. కాలు పెట్టగానే మట్టి పెళ్ళలుగా ఊడింది. చెంగమ్మ నిలబడ్డ రాయి కూడా కదిలింది.

"ఎవరూ ఎక్కకండి! కింద బొంత పట్టుకుందాం. చెంగమ్మ అందులోకి దూకుతుంది" అని అరిచాడు నీలన్న కాకి.

చిటికెయ్య అప్పటికే తన బొంత ఈడ్చుకొచ్చాడు. "నాదే పెద్దది! పట్టుకోండి!" అన్నాడు.

ఎలుగుబంట్లు, కొండముచ్చులు చుట్టూ నిలబడి అంచులు పట్టుకున్నాయి. ముళ్ళమ్మ ముసురుకు తడిసిన ఆ బొంతను తడిమి చూసింది. "తమ్ముడూ, బంక నానిపోయింది. ఇది ఆగదు" అంది.

"ఆగదా? ముందు నేనే దూకి చూపిస్తాను!" అంటూ చిటికెయ్య పక్కనున్న బండ ఎక్కి దూకేశాడు.

బొంత చర్రున నడిమికి చిరిగింది. చిటికెయ్య అందులోంచి జారి రాళ్ళ మీద పడ్డాడు. ముందుకాలు బెణికి, మూతి చిట్లింది. పైనుంచి అది చూసిన చెంగమ్మ కొండకు అతుక్కుపోయింది.

ముళ్ళమ్మ పరుగున గుహకు వెళ్ళి తన బొంత తెచ్చింది.

"ముళ్ళమ్మా, రెండేళ్ళ కష్టం. బురదలో పాడైపోతుందేమో!" అన్నాడు నీలన్న.

"పాడైతే మళ్ళీ కుడతాను. కుట్టడం నాకేమన్నా బాధా? ముందు పరవండి" అంది ముళ్ళమ్మ.

అందరూ బొంతను బిగించి పట్టుకున్నారు. కానీ చెంగమ్మ కదలలేదు. "నాకు భయంగా ఉంది వదినా! ఇది కూడా చిరిగిపోతే?" అని ఏడ్చింది.

ముళ్ళమ్మ కొండ కిందికి వచ్చి తలెత్తింది. "చెంగమ్మా, ఇందులో ప్రతి కుట్టూ నేనే వేశాను. ఒక్కటి కూడా తొందరలో వేయలేదు. రాళ్ళ వైపు చూడకు. నన్ను చూస్తూ దూకు తల్లీ!"

చెంగమ్మ ఆమె వైపే చూస్తూ దూకింది.

బొంత కిందికి కుంగింది. దారాలు కిర్రుమన్నాయి. కానీ ఒక్క కుట్టు కూడా తెగలేదు. వందల బిళ్ళలు ఆ బరువును తలా కొంచెం పంచుకున్నాయి. చెంగమ్మ బొంత మధ్యలో ముడుచుకుని, క్షేమంగా ఉంది.

"లాగండి, వెనక్కి లాగండి!" అని అరిచింది ముళ్ళమ్మ. అందరూ బొంతతో సహా పక్కకు ఉరికారు. మరుక్షణంలో పైనున్న రాయి దభీమని వచ్చి పడింది.

అంతా సద్దుమణిగాక ముళ్ళమ్మ బొంతను విప్పి చూసుకుంది. చెంగమ్మ గోళ్ళు తగిలి ఒక్క బిళ్ళ చిరిగింది, అంతే. మిగతాదంతా బురద. వాగులో ఉతికి ఆరేస్తే రంగులు మళ్ళీ విచ్చుకున్నాయి. బొంత ముందు నిలబడి అందరూ ఆ సన్నని కుట్లను మొదటిసారి దగ్గరగా చూశారు.

మర్నాటి నుంచి ముళ్ళమ్మ గుహ ముందు చోటు చాలేది కాదు. కొందరు తేనె తెచ్చారు, కొందరు దుంపలు తెచ్చారు. అందరూ "మాకూ నేర్పవా?" అని అడిగారు. ముళ్ళమ్మ అడిగినవాళ్ళందరికీ ఒక్కో ముల్లు ఇచ్చింది.

పది రోజులకు చిటికెయ్య కుంటుకుంటూ వచ్చాడు. దూరంగా నిలబడి, "తప్పయింది అక్కా. నాకూ నేర్పుతావా?" అన్నాడు.

ముళ్ళమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది. అతని చేతిలో ఒక పెళ్ళికార్డు ముక్క పెట్టింది. చిటికెయ్య నాలుక బయటపెట్టి, ఒళ్ళు దగ్గర పెట్టుకుని, పొద్దంతా కష్టపడి ఒకే ఒక్క బిళ్ళ తయారు చేశాడు. తీరా లెక్కపెడితే దానికి ఐదు మూలలే ఉన్నాయి!

అందరితోపాటు చిటికెయ్య కూడా కడుపుబ్బ నవ్వాడు. తర్వాత కచ్చాకుట్టు విప్పి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

నీతి: ఇష్టంతో, ఓపికగా చేసిన పని ఆపదలో నిలబడుతుంది. మెప్పు కోసం తొందరగా చేసిన పని అవసరానికి పనికిరాదు.