లోవరాజు వైపు బుటాలు

శిష్యులెవరైనా ప్రశ్న అడిగితే డాక్టర్ కామేశం గారు ముందు చెప్పులు వెతుక్కునేవారు. జవాబు ఎక్కడో బయట ఉంటుందని, అక్కడికి మనమే వెళ్ళాలని ఆయన నమ్మకం. మానసిక వైద్యంలో తల నెరిసిన ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి హైమవతి కొత్తగా చేరింది. ఈ అలవాటు సంగతి తెలియక ఒక ఆదివారం ఉదయం ఆయన ముందు ఫైలు పెట్టి అడిగింది.

"స్కిజోఫ్రీనియాకి మందులు అసలు ఎంతవరకు పనిచేస్తాయి సార్? కొందరికి బాగా, కొందరికి కొంత, కొందరికి బొత్తిగా పనిచెయ్యవని పుస్తకంలో ఉంది. ఈ లోవరాజు ఏ వరసలోకి వస్తాడో నాకు తేలడం లేదు."

లోవరాజు ఉప్పాడ దగ్గర జాందానీ చీరలు నేసే మనిషి. రెండేళ్ళుగా ఎవరూ లేనిచోట అతనికి గొంతులు వినిపిస్తున్నాయి. హైమవతి ఒక మందు ఇచ్చింది, అది మార్చి మరొకటి ఇచ్చింది. రెండుసార్లూ మొదటి నెల తేరుకున్నాడు, ఆ తర్వాత మళ్ళీ మొదటికొచ్చాడు. రెండు మందుల పక్కనా ఆమె ఎర్ర సిరాతో 'పనిచెయ్యలేదు' అని రాసింది. ఇక మిగిలింది వారం వారం రక్తపరీక్ష చేయించుకుంటూ వాడాల్సిన మందు. అందుకోసం పట్నానికి తిరిగితే అతని మగ్గం మూలపడుతుందని తెలిసినా, మర్నాడు అదే మొదలుపెట్టాలనుకుంటోంది.

కామేశం గారు ఫైలు మూసి, బల్ల కింద నుంచి చెప్పులు లాక్కున్నారు.

వాళ్ళు వెళ్ళేసరికి లోవరాజు, అతని భార్య నూకరత్నం మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి ఒకే పలక మీద పక్కపక్కన కూర్చుని ఉన్నారు. జాందానీకి ఇద్దరు కావాలి. చీర వెడల్పులో కుడి సగం బుటాలు, అంటే నేతలోనే వేసే పూలు, ఒకరివి, ఎడమ సగం మరొకరివి. ఇద్దరి వేళ్ళూ బుటాల వరస ముగించాకే అడ్డపోగు మోసే నాడె ఈ చివరి నుంచి ఆ చివరికి వెళుతుంది.

"పని ఆపకండి," అన్నారు కామేశం గారు. కాసేపు చూసి, "నేసిందంతా ఒకసారి విప్పి చూపిస్తావా తల్లీ, మా డాక్టరమ్మ జాందానీ ఎప్పుడూ దగ్గర నుంచి చూడలేదట," అన్నారు. హైమవతి ఆ మాట ఎప్పుడూ అనలేదు.

నూకరత్నం ఒక క్షణం తటపటాయించింది. లోవరాజే లేచి, కర్రకు చుట్టిన బట్ట వదులు చేశాడు.

ఎడమ సగమంతా ఒకే తీరుగా ఉంది. కుడి సగం మొదట్లో మామిడి పిందెలు వంకర్లు పోయి, అంచులు వదులుగా ఉన్నాయి. జానెడు దూరం దాటాక అవి చక్కగా కుదిరి ఎడమవైపు వాటితో పోటీపడ్డాయి. ఇంకొంత దూరంలో ఒకటి తప్పింది, మరొకటి తప్పింది. చివరికి మూడు వరసల్లో కుడివైపు ఒక్క పిందె కూడా లేదు, ఉత్త బట్ట.

హైమవతి ఆ ఖాళీ మీద వేలు పెట్టింది. "ఇక్కడేమైంది?"

"వద్దన్నాయండి," అన్నాడు లోవరాజు, పక్కింటివాళ్ళ మాట చెబుతున్నంత మామూలుగా.

"మరి ఇక్కడ?" ఆమె వేలు వంకర పిందెల మీదికి జరిగింది.

"అప్పుడు బిళ్ళ నిండుగా వేసుకునేవోణ్ణండి. గొంతులు వీధి చివరికి పోయాయి. పోతూ పోతూ నా వేళ్ళు కూడా పట్టుకుపోయాయి."

హైమవతి నూకరత్నం వైపు తిరిగింది. నూకరత్నం తల ఎత్తలేదు. "నేను నాలుగు బుటాలు ముగిస్తే ఆయనకి ఒకటి అయ్యేది కాదు డాక్టరమ్మా. ఆయన వేళ్ళు తెమిలితేగానీ నాడె కదలదు. గొంతులు పోయాయి కదా, ఇంకా నిండు బిళ్ళ ఎందుకని సగం విరిచి ఇచ్చాను. వేళ్ళు వచ్చేశాయి. బాగుందనుకున్నాను."

"అంతకు ముందు ఇచ్చిన బిళ్ళ?"

"అదీ అంతేనండి."

"ఆసుపత్రికి వచ్చినప్పుడు ఒక్క మాటైనా చెప్పలేదేం?"

"మీరు గొంతుల గురించి అడిగారు," అంది నూకరత్నం. "వేళ్ళ గురించి అడగలేదు కదమ్మా."

లోవరాజు నవ్వాడు. "నన్ను అడిగితే, అవి వీధి చివర ఉంటే చాలండి. ఊరు దాటకపోయినా పర్లేదు. వేళ్ళు మాత్రం ఇంట్లో ఉండాలి."

తిరుగుదారిలో బస్సు సముద్రం పక్కనుంచి వెళుతుంటే హైమవతి ఒళ్ళో ఫైలు తెరిచి, ఎర్ర సిరాతో రాసిన రెండు మాటలూ కొట్టేసింది. కలం అక్కడే ఆగింది.

"ఇప్పుడు ఏమని రాయను సార్? పనిచేసిందనా, చెయ్యలేదనా?"

కామేశం గారు కిటికీలోంచి చూపు తిప్పలేదు.

"మందు సంగతి రేపు వాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడదాం. ముందు ఆ మగ్గం పలక మీద ఎంతమంది కూర్చుంటారో రాయి."