ఎనిమిది సిలిండర్ల కారు, పాలమ్మే పైడమ్మ

అనగనగా ఒక కొండ. కొండకి ఏడు మలుపుల దారి. ఎప్పటి మాటంటారా? పెట్రోలు రేకుడబ్బాల్లో, రైలెక్కి వచ్చే రోజుల మాట. అంతకంటే కచ్చితంగా చెప్పమంటే నా వల్ల కాదు.

ఆ కొండ కింద ఊళ్లో పైడమ్మ అని పాలమ్ముకునే మనిషి ఉండేది. రెండు గేదెలు, ఒక ఇత్తడి బిందె, అదే ఆవిడ ఆస్తి. పొద్దున్నే పాలు పితికి, బిందె నెత్తిన పెట్టుకుని, ఏడు మలుపులూ ఎక్కి కొండమీది సంతలో అమ్ముకునేది. ఆవిడకొక జబ్బుంది. ఏది చూసినా "అదెందుకలా?" అని అడగాలి. వాన పడితే అడగాలి, పడకపోతే అడగాలి. పోయేముందు మొగుడు కూడా "ఇంక నన్నేటీ అడక్కే" అన్నాడట, పాపం.

ఆ ఊళ్లోనే జగ్గరాజుగారికి దొరల సీమ నుంచి ఓడలో దిగిన ఎర్ర కారుండేది. ఇంజనుకి ఎనిమిది సిలిండర్లు. స్టార్టు చేస్తే చూరులో పిచ్చికలు లేచిపోయేవి. దాని మెకానిక్కూ డ్రైవరూ ఒక్కడే, మస్తాను.

ఒకనాడు కంట్రాక్టరు లచ్చయ్య కొండదారికి గేటు వేస్తానన్నాడు. తన బళ్లు తప్ప ఎవరూ తిరగకూడదట. రాజుగారికి రోషం వచ్చింది. వస్తే వచ్చింది, ఊరుకోవచ్చు కదా! పందెం కాశారు. కింద కారు చప్పుడు వినగానే లచ్చయ్య కొండమీద చుట్ట వెలిగిస్తాడు. అది కాలిపోయేలోపు ఎర్ర కారు పైకి చేరితే దారి జనానిది. చేరకపోతే గేటు. మూడు సోమవారాలు, మూడు ప్రయత్నాలు, ఒక్కసారి చేరినా చాలు.

దారి ఎవరిది, పందెం కాసింది ఎవరు, చూశారా! గేటు పడి, అడివి చుట్టూ తిరిగి వెళ్తే పైడమ్మకి మిట్టమధ్యాహ్నమవుతుంది. ఆ ఎండకి పాలు విరిగిపోతాయి. ఇక ఆవిడ పొయ్యిలో పిల్లి లేవదు.

మొదటి సోమవారం వచ్చింది. మూడో మలుపు దగ్గర ఎత్తు ఎక్కువ. అక్కడ మస్తాను యాక్సిలరేటరు నేలకి తొక్కాడు. బండి గుర్రుమంది, గుర్రుమంది, గుక్కపట్టింది, ఆగిపోయింది. కాసేపయ్యాక ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టయింది. పైకెళ్లేసరికి చుట్ట బూడిదైపోయింది.

మస్తాను పంపు విప్పాడు, బాగుంది. కార్బరేటరు ఊదాడు, బాగుంది. పైపు మార్చాడు, అదీ బాగుంది. మర్నాడు మెల్లగా తోలి చూస్తే కొండంతా హాయిగా ఎక్కింది. గట్టిగా తొక్కాడో, మళ్లీ గుర్రుమంది, గుర్రుమంది, గుక్కపట్టింది, ఆగిపోయింది.

అటుగా వస్తున్న పైడమ్మ ఆగింది.

"మెల్లగా పోతే ఎక్కుతాది, తొందరపెడితే ఆగుతాది. అదెందుకలా బాబూ?"

"తెలిస్తే ఇలా మసి పూసుకుని ఎందుకు కూచుంటానత్తా?" అన్నాడు మస్తాను.

"అది తాగే పెట్రోలు ఎక్కడుంటాది?"

"వెనక ట్యాంకులో. ట్యాంకు ముందు గోడ పక్కన పైపు మునిగి ఉంటుంది. అందులోంచి పీల్చుకుంటుంది."

"నిండా పోస్తావేటి?"

"నిండానా! రైలుకొచ్చేదే రెండు డబ్బాలు. సగం కూడా ఉండదు."

పైడమ్మ బిందె దించింది. పాల మీద గుప్పెడు వరిగడ్డి తేలుతోంది. పాలమ్మే వాళ్లందరూ వేసేదే, నడకకి పాలు తొణక్కుండా. గడ్డి తీసేసి బిందెని ముందుకి ఒక్క కుదుపు కుదిపింది. పాలు వెనక్కి ఎగిరి మస్తాను కాళ్ల మీద పడ్డాయి. మళ్లీ గడ్డి వేసి కుదిపింది. ఈసారి పాలు కాస్త వణికి ఊరుకున్నాయి.

"చూశావా? నువ్వు ఉరికిస్తే పెట్రోలూ ఇలాగే వెనక్కి పోతాది. నీ పైపు ముందుండి ఉత్త గాలి పీలుస్తాది."

మస్తాను నోరు తెరిచేశాడు. తెరిచినవాడు ఏం చేశాడనుకున్నారు? రెండో సోమవారం ట్యాంకులో గుప్పెడు వరిగడ్డి వేశాడు! నవ్వకండి, మనమైనా అదే చేసేవాళ్లం. నలిగిన గడ్డి పైపులో ఇరుక్కుంది. మొదటి మలుపుకే బండి గుర్రుమంది, గుక్కపట్టింది, ఆగిపోయింది.

"అది కారా, గేదా?" అని రాజుగారు చిందులు తొక్కారు. "పైడమ్మా, కాస్త చిట్టూ తవుడూ కూడా పెట్టకపోయావా?" అని ఊరంతా నవ్వింది. తోటి పాలవాళ్లు మాత్రం నవ్వలేదు. ఆవిడతో మాట్లాడటం మానేశారు. నా నోటి దురద అందరి నోటికాడ కూడు తీసేసిందే అని పైడమ్మ గేదె పక్కన కూచుని ఏడ్చింది.

ఏడుస్తూ ఏడుస్తూనే ఆలోచనలో పడింది. గడ్డి పాలని పట్టుకోదు కదా, మరి పాలు ఎందుకు ఆగుతాయి? కళ్లు తుడుచుకుని నేరుగా మస్తాను షెడ్డుకి పోయింది.

"బాబూ, కావలసింది గడ్డి కాదు. అడ్డం. పెట్రోలు పారాలి గానీ పరిగెత్తకూడదు."

మస్తాను ట్యాంకు దించాడు. ఖాళీ చేశాడు, కడిగాడు, ఆరబెట్టాడు, కోశాడు. లోపల అడ్డంగా ఒక రేకు నిలబెట్టి, దాని అడుగున వేలు పట్టేంత కన్నాలు పెట్టాడు. మూసి అతుకు వేయబోతూ ఆగి, పైడమ్మని పిలిచాడు.

"అత్తా, చూసి చెప్పు. సరిపోయిందా?"

బుద్ధెరిగాక ఆవిడ అందర్నీ అడగటమే గానీ, ఆవిడని ఒకరు అడగటం అదే మొదలు. కొంగు బిగించి, ట్యాంకులో నీళ్లు పోయించి, ఇటూ అటూ ఊపించి, తొంగి చూసింది.

"ఒకటి చాలదు. మూడు వెయ్యి," అంది.

మూడో సోమవారం. మొదటి మలుపు దాటింది, రెండోది దాటింది. మూడో మలుపులో మస్తాను అల్లాని తలుచుకుని నేలకి తొక్కాడు. బండి గుర్రుమంది, గుర్రుమంది, గుర్రుమంటూనే ఏడు మలుపులూ ఎక్కేసింది! లచ్చయ్య చేతిలో చుట్ట ఇంకా రెండు వేళ్లంత ఉంది. గెలుపు తనదేనని ముందే పాతించిన గేటు స్తంభాలు తనే పీకించుకున్నాడు.

రాజుగారికి దండలు పడ్డాయి. కారుకి హారతి పట్టారు. పైడమ్మ అప్పటికి సంతలో పాలు కొలుస్తోంది. తోటి పాలమనిషి ఒకామె వచ్చి, ఆవిడ బిందె పక్కనే తన బిందె దించుకుంది.

ఎన్నో ఏళ్లు బతికి పైడమ్మ పోయింది. పాడె ముందు కొమ్ము మస్తాను పట్టాడు. తర్వాత రాజుగారూ పోయారు, కారూ తుప్పు పట్టి పోయింది.

ఇప్పటికీ ఆ కొండ కింద ఏ షెడ్డులో ట్యాంకు కోసినా, మూసేముందు మెకానిక్కు రోడ్డు మీదికి వస్తాడు. నెత్తిన బరువుతో ఏ ఆడమనిషి పోతున్నా, కూరల గంప కానీ, కట్టెల మోపు కానీ, ఆపి బరువు తనే దించుతాడు. "అత్తా, చూసి చెప్పు" అంటాడు. ఆమె తొంగి చూస్తుంది, నాలుగు ప్రశ్నలు అడుగుతుంది. అన్నిటికీ జవాబు చెప్పాకే అతుకు వేస్తాడు. చెప్పలేకపోతే, ఆ పూటకి ట్యాంకు అలా తెరిచే ఉంచుతాడు.