తీతువు గూటి ముందు అద్దం

ఇందాక ఫోను తీశావు, చూశావు, పక్కన పెట్టావు. మళ్ళీ తీశావు. ఏం చూశావో చెప్పు! నిన్నేనమ్మా, నిన్నే నాయనా. ఒక్కటైనా గుర్తుందా? గుండె మాత్రం దడదడలాడుతోంది. మెడ లాగుతోంది. అన్నం సయించడం లేదు. అయితే ఈ కథ విను.

అనగనగా ఒక ఏరు. వైశాఖ మాసం. ఇసుక పెనంలా కాలుతోంది. ఆ ఇసుకదిబ్బ మీద, గులకరాళ్ళ మధ్య, తామ్రాక్షి అనే తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టింది. గుడ్లు కూడా గులకరాళ్ళలాగే ఉంటాయి, ఎంతటి కంటికైనా దొరకవు. ఎవరైనా దగ్గరికొస్తే తామ్రాక్షి, ఆమె మగడు దీర్ఘపాదుడు గోలగోలగా అరిచి తరిమేవారు. ఎండ ముదిరితే వంతులవారీగా ఏటికి పోయి, పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్లను చల్లబరిచేవారు. ఆలస్యమైతే గుడ్డులోనే పిల్ల ఉడికిపోతుంది మరి.

ఒకనాడు మృదుభాషి అనే నక్క దూరంగా నిలబడి పిలిచాడు.

"అమ్మా తామ్రాక్షీ, నీకు పిల్లల మీద బెంగ ఎక్కువ. ఇదిగో మాయ అద్దం. అడవిలో ఏ మూల ఏ ఆపద వచ్చినా ఇందులో కనబడుతుంది. ముందే తెలుసుకోవడం మంచిది కదా!"

"వెల ఎంత, అన్నా?"

"ఛ! చెల్లెలి దగ్గర వెలా? చూస్తూ ఉండు, అదే చాలు."

"వాడు ఊరికే ఇచ్చాడంటే నాకు నమ్మకం లేదే" అన్నాడు దీర్ఘపాదుడు.

"నీకన్నిటికీ అనుమానమే" అంటూ తామ్రాక్షి అద్దాన్ని గూటి ముందు నిలబెట్టుకుంది.

మొదటి రోజు అద్దం తళుక్కుమంది. ఎక్కడో ఏడు కొండల అవతల కార్చిచ్చు. అది ఇక్కడికి వస్తుందేమోనని ఆమెకు ఆ రాత్రంతా కునుకు లేదు.

రెండో రోజు మళ్ళీ తళుక్కుమంది. ముఖం తెలియని నెమళ్ళు కొన్ని, "ఆ తీతువు ముఖాన ఎర్రతోలు చూశారా!" అని నవ్వుతున్నాయి. ఆ రోజు ఆమె ఒక్క పురుగూ ముట్టలేదు. ఏటికి వెళ్ళే వంతు వస్తే, "ఇదొక్కటి చూసి వెళ్తా" అంది. ఆ ఒక్కటి అయ్యాక ఇంకొకటి. ఆమె వంతు కూడా మగడే మోశాడు.

"ఏమే, నీ గుండె చప్పుడు ఇక్కడికి వినబడుతోంది. ఈకలు రాలిపోతున్నాయి. ఆ అద్దం తీసెయ్."

"నేను చూడకపోతే ఆపద ఎలా తెలుస్తుంది?"

"ఆపదలు చూసి చూసి నువ్వే ఒక ఆపదవయ్యావు!"

మూడో రోజు మిట్టమధ్యాహ్నం. దీర్ఘపాదుడు ఏటికి వెళ్ళాడు. అద్దం తళుక్కుమంది. అందులో ఒక ఇసుకదిబ్బ. నాలుగు గుడ్లు. పొట్ట నేలకానించి పాకుతూ వస్తున్న నక్క.

తామ్రాక్షి అద్దం మీదికి వంగింది. "అయ్యో, ఇది ఏ తల్లి గూడో! ఆ తల్లికి కళ్ళు లేవా?"

"ఉన్నాయి! అద్దంలో ఉన్నాయి! వెనక్కి తిరుగు!"

దీర్ఘపాదుడి కేక అది. నీళ్ళు కారుతున్న పొట్టతో బాణంలా దిగాడు.

ఆమె తిరిగింది. అది తన దిబ్బే. అవి తన గుడ్లే. ఎవరికీ దొరకని గూటిని ఆ అద్దం మెరుపే నక్కకు దారి చూపింది. తామ్రాక్షి అరిచింది, తన్నింది, నక్క కళ్ళు పొడిచింది. నక్క పారిపోయాడు. నోట్లో ఒక గుడ్డుతో.

మిగిలిన మూడూ నిప్పుల్లా కాలుతున్నాయి. ఏడవడానికి తీరిక ఏది? ఏటికి పరుగెత్తింది, పొట్ట తడుపుకొచ్చి వాటి మీద కూర్చుంది. ఎండ వాలేదాకా వెళ్ళింది, వచ్చింది, వెళ్ళింది, వచ్చింది.

మూడు పిల్లలు బతికాయి. అద్దాన్ని ఇద్దరూ కలిసి ఏరు దాటించి అవతలి గట్టున పెట్టేశారు. పని తీరినప్పుడు తామ్రాక్షి వెళ్ళి ఒకసారి చూసొస్తుంది గానీ, గూటికి మాత్రం మళ్ళీ తేలేదు. ఇప్పుడు కడుపునిండా తింటుంది, కంటినిండా నిద్రపోతుంది. అయినా నాలుగో గుడ్డు తలపుకొస్తే ఈనాటికీ ఆమె గుండె అదురుతుంది.

లోకంలోని ఆపదలన్నిటికీ కాపలా కాసే కన్ను తన గూటిని కాయలేదు. ఇప్పుడు చెప్పు: ఇందాక నువ్వు ఫోను చూస్తున్నంతసేపూ నీ గూట్లో ఏం జరిగిందో చూశావా?