ఎర్రదారం ముంత

చిత్తరగిరి రాజు మల్లభూపతికి ఓపిక తక్కువ. వడ్డన పూర్తికాకముందే ముద్ద నోట్లో పెట్టుకునే రకం. ఒకనాడు సభలో ఉన్నట్టుండి ఓ శాసనం చేశాడు.

"మన దండోరా వేసిన మాటకు తిరుగులేదు. విచారణలంటే నాకు మహా విసుగు!"

చంకన డప్పుతో నిలబడ్డ దండోరా కామప్ప మీసం దువ్వుకున్నాడు.

ఆ వారమే కొండ చుట్టూ పరుగు పందెం. గెలిచినవాడికి కోట వార్తాహరుడి కొలువు. గెలిచింది పోలినేడు, రాజుగారికి తాంబూలం అందించే పేరమ్మ తమ్ముడు. రెండోవాడు వచ్చేసరికి పోలినేడు కాళ్ళు కడుక్కుని అంబలి తాగుతున్నాడు!

ఆనవాయితీ ప్రకారం ఆస్థాన వైద్యుడు గెలిచినవాడి మూత్రం ముంతలో పట్టించి, మూతికి తెల్లదారం కట్టాడు. అందులో ఆకుపసరు పోస్తే, సత్తువ మందు తిన్నవాడిదైతే నీలి నురగ పొంగుతుంది. పసరు ఊరడానికి మర్నాటి సాయంత్రం దాకా పడుతుంది.

కామప్ప అంతదాకా ఆగితేనా!

"వినండహో! పోలినేడు యుద్ధగుర్రాలకు పెట్టే లేహ్యం తిని పరిగెత్తాడహో!"

కామప్ప చాటింపులో పోలినేడు మొదటి వీధిలో లేహ్యం తిన్నాడు. రెండో వీధికొచ్చేసరికి సకిలించాడు. మూడో వీధిలో తోక మొలిచింది. జనం పోలినేడి గుమ్మంలో ఉలవలు పోశారు. ఓ ముసలమ్మ అయితే, "కాలెత్తు నాయనా, లాడం చూస్తా" అంది.

రాజు తీర్పు చెప్పేశాడు. రేపు మిట్టమధ్యాహ్నంలోగా పోలినేడు పొలిమేర దాటాలి. మళ్ళీ ఈ గడ్డ తొక్కకూడదు.

"అక్కా, నేను అంబలి తప్ప ఏమీ తాగలేదే!"

"నాకు తెలుసురా. లేహ్యం దొరికుంటే అక్కకి చూపించకుండా తింటావా? వెళ్ళి మూట కడుతున్నట్టు నటించు, పో."

పేరమ్మ నాలుగు వక్కలు కత్తిరించేలోగా ఉపాయం తట్టింది. తిన్నగా కామప్ప ఇంటి అరుగు దగ్గరికి వెళ్ళింది.

"మామా, ఎవరికీ చెప్పకు. వైద్యుడి గదిలో ఎర్రపట్టుదారం కట్టిన ముంత జానెడు పొంగిందట!"

"ఎర్రదారమా? అది నీ తమ్ముడిదే కదటే?"

"నా నోటితో ఎలా చెప్పను మామా!" అంటూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"అయ్యో, నేనెవరికి చెబుతాను!" అంటూనే కామప్ప డప్పు తాడు బిగించాడు.

మర్నాడు పొద్దెక్కేసరికి నాలుగు వీధులూ మోగిపోయాయి.

"ఎర్రపట్టుదారం ముంతలో జానెడు నురగహో! ఆ ముంత ఎవరిదైతే వాడే లేహ్యం దొంగహో!"

అదే కేక సభలోనూ వేశాడు. రాజు ఉలిక్కిపడ్డాడు.

"ఎర్రపట్టుదారమా? స్వయంగా చూశావా?"

"ఈ కళ్ళతో, ప్రభూ! దారం విప్పుతుంటే పక్కనే ఉన్నా. నురగ నా మీసానికి కూడా అంటింది!"

వైద్యుడు రెండు ముంతలు తెచ్చి సభలో పెట్టాడు. తెల్లదారంది పోలినేడిది. ఎర్రపట్టుదారంది సాక్షాత్తూ రాజుగారిది, ఒంట్లో నలత కనిపెట్టడానికి రోజూ పొద్దున్నే వైద్యుడికి వెళ్ళేది. రెండింటికీ వేసిన ముడి వేసినట్టే ఉంది!

పేరమ్మ తాంబూలం అందిస్తూ ఎంతో వినయంగా అంది:

"దండోరా అయిపోయింది. ఏలినవారు మిట్టమధ్యాహ్నంలోగా పొలిమేర దాటాలి. మూట కట్టించమంటారా, ప్రభూ?"

"నోర్ముయ్యవే! నా ముంతను ఇంకా పరీక్షే చేయలేదు!"

"పోలినేడి ముంతనూ చేయలేదు, ప్రభూ."

రాజు ముడుల వంక చూశాడు. కామప్ప మీసం వంక చూశాడు. అంతే, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టాడు.

"పసరు ఊరేదాకా ఎవరూ ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు! ఇకమీదట ముంత సంగతి తేలాకే డప్పు మోగాలి. ఒరే కామప్పా, నువ్వు చెప్పింది అబద్ధమని నువ్వే నాలుగు వీధులూ చాటిరా!"

సాయంత్రం వైద్యుడు తెల్లదారం విప్పి పసరు పోశాడు. ఒక్క బుడగైనా లేవలేదు. కొలువు పోలినేడికి దక్కింది. రాజు మెడలోని ముత్యాలహారం తీసి పేరమ్మ పళ్ళెంలో వేశాడు.

వైద్యుడు రెండో ముంత అందుకోబోయాడు.

"దానికేం తొందరయ్యా!" అంటూ రాజు దాన్ని చప్పున సింహాసనం వెనక్కి జరిపేసుకున్నాడు.

సభంతా పగలబడి నవ్వింది.