పడి చచ్చే నాలుగో భుజం

ఇది అబద్ధమని అనుమానమున్నవాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళండి. మధ్యలో లేస్తే నాకు కోపమొస్తుంది. నా కోపానికి నాగావళి ఒకసారి మూడు రోజులు పారడం మానేసింది.

గొట్లపేటలో పోలయ్య, ఎర్రన్న, సన్నాసి అని ముగ్గురు అన్నదమ్ములు. ఎంత బరువైనా పాట పాడుతూ మోసేవారు. తెలివిలో తమని మించినవాళ్ళు లేరని వాళ్ళ నమ్మకం. వేరేవాళ్ళని ఎప్పుడూ అడిగి చూడలేదు మరి.

వాళ్ళకి నాలుగో భుజం కావలసివచ్చింది. "వచ్చినవాడి కండలు చూడొద్దు. ఏ పాట ఇష్టమో అడుగుదాం. పాట కలిస్తే అడుగు కలుస్తుంది, అడుగు కలిస్తే మనసు కలుస్తుంది" అన్నాడు పెద్దవాడు పోలయ్య.

ముందొకడొచ్చి, "ఊడుపు పాటలంటే చెవి కోసుకుంటాను" అన్నాడు. అంతే, సన్నాసి వాడి తల అటూ ఇటూ తిప్పి చూశాడు. "అన్నా, రెండూ ఉన్నాయి. గాటు కూడా లేదు."

మొదటిరోజే అబద్ధమా అని తరిమేశారు.

తరవాత నేను. ఆ పని నాకు దొరికి తీరాలి. దాలయ్య మావ తన కూతురు పైడమ్మని ఇస్తానంటూనే మెలిక పెట్టాడు: "మా గానుగకి కొత్త రాతి రోలు రేపు తేవాలి. దారిలో ఎక్కడా దాన్ని వదలకుండా, పొద్దుగూకేలోగా నా గుమ్మం దాటించావా, పిల్ల నీది. లేదా, ఇంకో సంబంధం చూసుకుంటా." ఏనుగుని చిటికెనవేలితో పక్కకి జరిపినవాణ్ణే గానీ, ఆ రోలు మోసే బేరం ఈ అన్నదమ్ములది.

"నీకే పాటిష్టం, తమ్ముడూ?" అన్నాడు పోలయ్య.

"మోతపాట, అన్నా. మోతపాటంటే పడి చస్తాను."

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు.

"విన్న ఎంతసేపటికి?" అన్నాడు ఎర్రన్న.

"చెవిన పడటమే ఆలస్యం" అన్నాను మురిసిపోతూ.

"పాపం, ఉన్నదున్నట్టు చెప్పాడు. మన పాటే ఇష్టమన్నాడు. వీడు మనవాడేరా" అని కళ్ళు తుడుచుకుంటూ పనిలో పెట్టుకున్నాడు పోలయ్య.

మర్నాడు రోలెత్తాం. నా ప్రాణం పోతుందని ఒక్కడూ గొంతు విప్పలేదు. ఎవడి పాట వాడు లోలోపలే పాడుకున్నాడు. పోలయ్య ఇంకా పల్లవిలో ఉన్నాడు, ఎర్రన్న రెండో చరణంలో ఉన్నాడు, సన్నాసి పాటైపోయిందని ఆగిపోయాడు. ఇంకేముంది, గానుగెద్దులా ఒక్కచోటే పదకొండు చుట్లు తిరిగాం.

"అన్నా, పొద్దు వాలుతోంది. పాట లేక నా ప్రాణం పోయేలా ఉంది, పాడండి" అన్నాను.

అంతే, రోలు దించేశారు.

"పాడితే చస్తాడు, పాడకపోతే పోతాడు" అని సన్నాసి ఏడుపు.

"సగం పాడదామా?" అన్నాడు ఎర్రన్న.

"సగం చచ్చినవాణ్ణి ఏం చేసుకుంటాంరా?" పోలయ్య కాసేపు ఆలోచించి తొడ చరిచాడు. "వీడేమన్నాడు? పడి చస్తానన్నాడు. పడకపోతే చావడు కదా."

ఇంకేముంది, నన్ను రోలు గుంటలో కూర్చోబెట్టి మోకులతో బిగించేశారు. రోట్లో తల పెట్టి రోకటిపోటుకి భయపడకూడదంటారు. నేను మొత్తం మనిషినే పెట్టాను.

"అన్నా, నేను మోయడానికొచ్చాను."

"ముందు బతుకు. మోత ఎక్కడికీ పోదు."

ఇప్పుడు నాలుగో మూల ఖాళీ. ఇంతలో, ఆలస్యమైందేమని దాలయ్య మావే ఎదురొచ్చాడు. "మీ అల్లుడు పాట వింటే పడి చస్తాడంట, ఓ భుజం పట్టండి" అన్నారు. మావ గాభరాగా రోలు మోసే బొంగు కింద దూరాడు. పాట ఎత్తుకున్నారు. ఆ ఊపుకి పొలిమేర రాళ్ళు కూడా పక్కకి తప్పుకున్నాయి. పొద్దు బెత్తెడుండగా గుమ్మం దాటాం.

మావ రొప్పుతూ నన్ను ఎగాదిగా చూశాడు. "దారిలో రోలు వదల్లేదు, నిజమే. నా మాట తప్పను. గోధూళి వేళే ముహూర్తం" అని మేళానికి కబురంపాడు. అమ్మయ్య, కట్లు విప్పమన్నాను. సన్నాసి అడ్డం పడ్డాడు. "మేళం ఉండగా విప్పుతారా, మావా? పీటల మీద పడి చస్తే పిల్ల గతేమిటి?"

మావకీ అది సబబనిపించింది. అంతే, తాళి కట్టడానికి చేతులు మాత్రం విప్పారు. ఏడడుగుల వేళకి పైడమ్మ ముందు నడిస్తే, ముగ్గురన్నదమ్ములూ మావా రోలెత్తి పాడుతూ నా తరపున నడిచారు. మనిషికి ఏడు చొప్పున ఇరవయ్యెనిమిది అడుగులు. ఈ తాలూకాలో అన్నడుగుల పెళ్ళి ఇంకెవడికైనా అయిందేమో కనుక్కోండి. ఆ రోజు డోలు వాయించినవాడు ఇంకా బతికే ఉన్నాడు. పేరు చింతాడ గవరయ్య.